గృహాలాపములు: పదినెలల కుక్క పెంకెతనము



గోదావరి ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. పేరు ప్రకటింపవలదని కోరిరి. వారి యింట పదినెలల మగకుక్క కలదు. రెండు నెలల కూనగా వచ్చినప్పుడు అది యింటిల్లిపాదికిని ముద్దుబిడ్డ. పిలిచిన వచ్చెడిది, కూర్చుండుమన్న కూర్చుండెడిది. ఇప్పుడు పిలిచిన వినబడనట్లే పోవుచున్నదట. చీర కుచ్చెళ్ళు పట్టి లాగుచున్నదట. వీధితలుపు సందు దొరికిన పరుగు తీయుచున్నదట. అన్నిటికిని మించి, డెబ్బది యేండ్ల అత్తగారిమీదికి ముందుకాళ్ళెత్తి దుమికి, ఒకనాడు గుమ్మమువద్ద ఆమెను పడద్రోసినదట. అత్తగారి మోచేయి గీచుకొనిపోయినది. మామగారు కోపించి, దానిని కాలువ అవతల విడిచి రమ్మని కుమారునితో చెప్పిరట. "ఒక నెల గడువడిగితిని. ఈ నెలలో నేనేమి చేయవలెను?" అని ఆ సోదరి యడుగుచున్నారు.

గడువడుగుట మంచి పని. ఒక్క నెలలో ఆ కుక్క పెద్దకుక్క కాదు గాని, అత్తగారిమీద దుముకుట మానుటకు ఒక నెల చాలును. మిగిలినవానికి మరికొంత కాలము పట్టును.

మొదట దాని వయస్సును గూర్చి చెప్పవలసియున్నది. కుక్కకు ఆరవ నెల మొదలు ఏడాదిన్నర వరకు, పెద్దజాతి కుక్కలలో రెండేండ్ల వరకు కూడ, మన పిల్లలలో పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమును బోలిన దశ నడచును. ఏడవ నెల నాటికి దాని 28 పాలపళ్ళును రాలి 42 గట్టిపళ్ళు వచ్చియుండును. కాళ్ళు పొడవగును, బలము హెచ్చును. దేహము పెద్దకుక్కది, నిగ్రహము కూనది. పండ్రెండు శేర్ల బరువున్నప్పుడు ఒడిలోనికి దుమికిన మనమందరము నవ్వితిమి. ఇప్పుడు అదే పని రెట్టింపు బరువుతో చేయుచున్నది. తాను చేయుచున్నది మారలేదు, మన ముఖము మాత్రము మారినది. ఏల మారినదో దానికి తెలియదు.

2020వ సంవత్సరమున ఇంగ్లండునందలి న్యూకాసిల్ విశ్వవిద్యాలయపు లూసీ ఆషర్ గారును, వారితోడి శాస్త్రజ్ఞులును బయాలజీ లెటర్స్ అను శాస్త్రపత్రికలో ఒక పరిశోధన ప్రకటించిరి. అంధులకు దారి చూపు పనికై పెంచబడుచున్న కుక్కలను అయిదవ నెలలో నొకమారును, ఎనిమిదవ నెలలో మరియొకమారును కూర్చుండుమని ఆజ్ఞాపించి చూచిరి. ఎనిమిదవ నెలలో అవి పెంచినవారి మాట వినుట తగ్గినది. విచిత్రమేమనగా, అదే యాజ్ఞ కొత్తవారు ఇచ్చినప్పుడు అట్టి తగ్గుదల కానరాలేదు. అనగా మాట మరచినది కాదు. తన్ను పెంచిన చేతియొద్దనే ఆ మొండితనము. మా యింటివారు ఉపాధ్యాయులు. ఈ సంగతి చదివి వినిపింపగా వారు నవ్వి, "పరీక్షాధికారి యెదుట చేతులు కట్టుకొని నిలుచు పిల్లవాడే యింట తల్లికి ఎదురు చెప్పును. ఆ తల్లులు బడికి వచ్చి మాతో మొరపెట్టుకొనునది ఇదియే" అనిరి. కనుక ఆ సోదరి తన మాటకు విలువ పోయినదని చింతింపనక్కరలేదు. ఆ కుక్క తన యిల్లుగా నెంచినది ఆమెనే.

మామగారికి చెప్పవలసిన మాట యొకటి కలదు. ఇంటి యన్నము తిని పెరిగిన కుక్కకు వీధిలో ఆహారము వెదకికొనుట తెలియదు, ఆ వీధిలో ముందే యున్న కుక్కలు దానిని చేరనీయవు. కాలువ అవతల విడిచిన కుక్క బండ్ల క్రింద పడును, లేక కరవబడి పుండ్లతో తిరుగును, లేక ఆకలితో నెవరి పిల్లవాని చేతిలోని రొట్టెకో యెగబడును. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ. చట్టము మాట పెద్దలయెదుట కోడలు ఎత్తుట కొన్ని యిండ్లలో కష్టము. ఆ మాట భర్తచేత చెప్పించుట మేలు. మొదటి మాట మాత్రము ఆమెయే చెప్పవచ్చును.

ఇక దండోపాయము. పదిమంది పదిమార్లు చెప్పు సలహా యిదియే, "రెండు తగిలించుడు, అదే వినును." మహాభారత మాదిపర్వమున సరమ కథ మన సోదరీమణులకు తెలిసినదే. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమయను దేవశుని కొడుకు సారమేయుడు అచ్చటికి వచ్చెను. ఏ తప్పును చేయలేదు. రాజు తమ్ములు కొట్టి తరిమిరి. అది యేడ్చుచు తల్లియొద్దకు పోయెను. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని సభలో అడిగెను. సమాధానము చెప్పగలవారు లేకపోయిరి. అంతట సరమ, అనుకొనని భయము నీకు వచ్చుగాక యని శపించెను. స్వర్గారోహణ వేళ ధర్మరాజు వెంట నడచిన కుక్కను అందరమును కొనియాడుదుము, అది పదినెలలనాడు ఎట్లుండెనో యెవ్వరును అడుగరు. కాని భారతకథ మొదటనే నిలిచినది ఈ దెబ్బతిన్న కుక్కపిల్ల. శాపముమాట యటుండనిండు. కొట్టబడిన కుక్కకు తెలియునది ఇంతే: ఈ చేయి దగ్గరకు వచ్చిన నొప్పి కలుగును. తరువాత ముద్దు చేయుటకు చాచిన చేతిని, పసిపిల్లవాని చేతిని కూడ, అది కరచును. అది అనుకొనని భయము కాదా?

అత్తగారి విషయమునకు వత్తము. కుక్క మీదికి దుముకుట పలకరింపు. దానికి కావలసినది మన ముఖము, మన మాట, మన చేయి. "ఛీ, దిగు" అని కేకవేసి రెండు చేతులతో త్రోసినచో ఆ మూడును దానికి దొరకినవి, కావున అది ఆటయని తలచి మరల దుముకును. దుమికినప్పుడు మాటాడవలదు, చూడవలదు, చేతులు కట్టుకొని వెనుకకు తిరిగి నిలువుడు. నాలుగు కాళ్ళును నేలనానినంతనే, ఆ క్షణముననే, మెల్లగా మెచ్చుకొని చిన్న యిడ్లీ తునక నిండు. ఆలస్యమైన ఆ తునక దేనికో దానికి తెలియదు. మొదటి మూడు నాలుగు దినములు అది మునుపటికంటె నెక్కువగా దుముకును. ఇన్నాళ్ళు పనిచేసిన ఉపాయము ఇప్పుడేల పనిచేయదని గట్టిగా ప్రయత్నించి చూచును. అనేకులు ఇచ్చటనే ఓడి, మూడవనాడు కేకలు వేయుదురు. అప్పుడది నేర్చుకొనునది, ఎక్కువగా దుమికిన ఫలము దక్కునని. నాలుగవనాడును నిబ్బరించిన యింట అది తగ్గును.

అత్తగారిచేత ఈ యభ్యాసము చేయింపవలదు. ఆమెకు వెనుకకు తిరిగి నిలుచుటలోనే ప్రమాదము. ఆమె లేచి తిరుగు వేళలయందు కుక్కకు ఛాతీపట్టీ వేసి, త్రాడు కోడలో కుమారుడో పట్టుకొని యుండవలెను. మిగిలినవారియొద్ద నేర్చిన పిదప, కుక్క కూర్చుండియుండగా అత్తగారు తన చేతితో తునక నేలపై వేసిన చాలును. వారము దినములలో ఆమెను చూచినంతనే కూర్చుండు కుక్కలను మేము చూచితిమి. ఆ తునక వేయు పని అత్తగారికే యిచ్చిన ఇంకొక లాభము కూడ కలదు, చెప్పకయే తెలియును.

ఇంటిలో అందరును ఒక్క మాటయే వాడవలెను. ఇది మేము మరీ మరీ చెప్పుచున్నాము, ఏలయన సగము పెంకెతనము ఇందుండియే పుట్టును. తండ్రి "సిట్" అనును, తల్లి "కూర్చో" అనును, నాయనమ్మ "కూలబడవే" అనును. తెలుగింట పుట్టిన కుక్కకు ఇంగ్లీషులోనే ఆజ్ఞలీయవలెనన్న నియమము ఎచ్చటినుండి వచ్చినదో గాని, ఏ భాషయైనను దానికి సమ్మతమే, ఒక్క శబ్దమైన చాలును. అట్లే, ఒకరు భోజనమువేళ విస్తరిలోనిది పెట్టుచు, మరియొకరు విస్తరి దగ్గరకు వచ్చినదని గద్దించిన, తప్పు కుక్కది కాదు. ఒక సాయంకాలము అందరును కూర్చుండి మాటలు నాలుగు నిర్ణయించుకొని వంటింటి గోడమీద వ్రాసి పెట్టుడు. అభ్యాసము దినమునకు మూడుమార్లు, అయిదేసి నిమిషములు చాలును. అంతకు మించిన దానికిని విసుగు, మనకును విసుగు.

చీర కుచ్చెళ్ళు పట్టినప్పుడు పరుగెత్తవలదు, లాగవలదు. కదలిక యున్నంతవరకే అది వేట. నిలిచిపోయి, దానికై యుంచిన గట్టి రబ్బరు బొమ్మను చూపుడు. పిల్లలకు కూడ ఇదే నేర్పుడు.

వీధిలోనికి పరుగు తీసిన కుక్కను తరుమవలదు, తరిమినకొలది దూరమగును. మీరు ఇంటివైపు పరుగెత్తుచు ఉల్లాసముగా పిలువుడు, అది వెంట వచ్చును. అరగంటకు వచ్చినను కొట్టవలదు. దాని లెక్కలో ఆ దెబ్బ పారిపోయినందుకు గాదు, వచ్చినందుకు. స్నానమునకును, కట్టివేయుటకును మాత్రమే పిలుచు యిండ్లలో కుక్క పిలుపునకు ఏల వచ్చును? పదునైదడుగుల పగ్గము ఛాతీపట్టీకి కట్టి, పెరటిలో పిలిచి, వచ్చినప్పుడెల్ల తునక యిచ్చి మరల విడిచిపెట్టుడు. దినమెల్ల గొలుసుతో స్తంభమునకు కట్టియుంచుట మాత్రము వలదు. కట్టిన కుక్క బలము కరగదు, కోపముగా మారును. వేకువను సాయంకాలమును నడిపింపుడు, నడకలో వాసన చూడనిండు. అది దానికి వార్తాపత్రిక. ఎండలో బాటపై మీ చేతివెనుకను అయిదారు క్షణములు ఆనించి నిలుపలేనిచో అచ్చట దాని పాదములును నిలువవు.

మడి వంట గల యిండ్లలో కుక్క వంటింటిలోనికి వచ్చుట పెద్ద తగవు. దానికి తిట్టుకంటె అడ్డుతడిక మేలు. గుమ్మమునకు తొడయెత్తు తడిక కట్టి, ఇవతల గోనెపట్ట పరచి, వడ్డనవేళ అచ్చట కూర్చుండిన కుక్కకే దాని గిన్నెలో పెట్టవలెను. వారి అన్నములో ఉల్లి, వెల్లుల్లి కలిసినది వలదు. పాయసములోని ఎండుద్రాక్ష యొక్కటైనను వలదు, చాకొలేటు వలదు, ఉడికిన యెముకలు వలదు. మొదటి మూడును విషములు, చివరిది చీలి పేగులలో గ్రుచ్చుకొనును.

గుర్రుమన్నప్పుడు దండింపవలదు. గుర్రు హెచ్చరిక. దానిని మాన్పిన కుక్క హెచ్చరింపకయే కరచును. గిన్నెను చేతితో లాగికొనక, దూరముగా మంచి తునక వేసి అది లేచిన పిదప తీయుడు. చర్మము తెగునట్లు కరచినను, ఉన్నట్టుండి స్వభావము మారినను, పశువైద్యుని చూపవలెను. నొప్పి వలన కూడ కుక్క కోపించును. పిచ్చికుక్క వ్యాధికి టీకా మూడవ నెల మొదలుకొని వైద్యుడు చెప్పిన గడువులలో వేయింపవలెను. ఏ కుక్క కరచినను, గీరినను, గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోవలెను. పసుపు, కారము అద్ది కాలము పోగొట్టుకొనరాదు. అత్తగారి మోచేయి కుక్క గోరువలన గీచుకొనినదైన, నేటికైనను వైద్యునికి చెప్పుట మంచిది.

శస్త్రచికిత్స చేయించిన నెమ్మదించునా యని కూడ ఆ సోదరి అడిగిరి. ఆడకుక్కల వెంట పోవుట, గోడలు తడుపుట కొంత తగ్గవచ్చును, వలదన్న పిల్లలు పుట్టకుందురు. అందుకై చేయించుట మంచిదే, సమయము వైద్యుడు చెప్పును. దుముకుట, కొరుకుట, పిలిచిన రాకుండుట కత్తితో పోవునవి కావు.

జాబు చివర ఒక చిన్న ప్రశ్న కలదు. సంధ్యవేళ ఆ కుక్క పూనకము వచ్చినట్లు తోక ముడిచి ఇల్లంతయు చుట్లు తిరుగుచున్నదట, దిష్టి తగిలినదా యని అత్తగారి యనుమానము. దిష్టి కాదు. పగలు నిద్ర చాలని కూనకును, కాళ్ళు సాగని కూనకును ఆ వేళ అట్లగుట సహజము. పట్టుకొనబోవక పెరటిలోనికి విడువుడు, పది నిమిషములలో తానే పడుకొనును. విడుచుటకు ముందు ఆరవేసిన వడియములు మాత్రము లోపలికి తీసికొనుడు.