ముచ్చట్లకి ప్రవేశపరీక్ష ఎందుకు?

కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో పదిమందిమి కూర్చుని ఉన్నాం. మాటల్లో సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల ప్రస్తావన వచ్చింది. నాకు 'స్టార్ ట్రెక్' అంటే ప్రాణం అన్నాను. ఎదురుగా కూర్చున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ముఖం వెలిగింది. తన లాంటి మనిషి దొరికిందని సంతోషపడుతున్నాడు కాబోలు అనుకున్నాను. "అయితే చెప్పండి, స్పాక్ వేళ్లు విడదీసి పెట్టే నమస్కారం మొదటిసారి ఏ ఎపిసోడ్‌లో వస్తుంది?" అన్నాడు. 'అమోక్ టైమ్', 1967 సెప్టెంబర్ అన్నాను. రాసిందెవరు? థియొడోర్ స్టర్జన్. పాత సీరియల్ మొత్తం ఎన్ని ఎపిసోడ్లు? 79. ఇలా పావుగంట నడిచింది. అదే గదిలో ఇంకో అబ్బాయి "నాకూ ఇష్టమే" అంటే అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నారు.

చివరికి నేనూ ఒక ప్రశ్న అడిగాను. స్పాక్ తల్లిదండ్రులు మొదటిసారి తెరమీదికొచ్చిన ఎపిసోడ్ ఎవరు రాశారు? "డి.సి. ఫొంటానా. ఆయన చాలా మంచి రచయిత" అన్నాడు. ఆయన కాదు బాబూ, ఆవిడ. డొరొతీ కేథరిన్ ఫొంటానా. ఆడపేరు చూస్తే స్క్రిప్టు తెరవకుండానే పక్కన పడేస్తారని పొడి అక్షరాల వెనక దాక్కోవాల్సి వచ్చింది ఆవిడకి. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ పొడి అక్షరాలు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి.

ఇది ఒక మగపిల్లవాడి అజ్ఞానం గురించిన ఫిర్యాదు మాత్రమే అయితే ఇంత కాగితం ఖర్చు పెట్టక్కరలేదు. ఒక ఇంటిని ఎవరు కట్టారో, ఇవాళ ఆ ఇంటి గుమ్మంలో ఎవరు నిలబడి ఎవరిని "నువ్వెవరు?" అని అడుగుతున్నారో చెప్పుకోవాలి.

'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబర్‌లో అమెరికాలో ఎన్.బి.సి. ఛానల్లో మొదలైంది. దాన్ని నిర్మించిన దేశిలు స్టూడియో అప్పటికి లూసిల్ బాల్ అనే నటి సొంతం. నిర్మాత జీన్ రాడెన్‌బెర్రీ దగ్గర సెక్రటరీగా ఉన్న ఫొంటానా ఇరవైల వయసులోనే స్టోరీ ఎడిటర్ అయింది. రెండో సీజన్ అయ్యేసరికి సీరియల్ ఆపేస్తారన్న వార్త వచ్చింది. అప్పుడు ఉత్తరాల ఉద్యమానికి నడుం కట్టింది బిజో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త జాన్ తోడుగా. ఎవరికి రాయాలి, ఎలా రాయాలి, ఒక్కొక్కరూ ఇంకో పదిమంది చేత ఎలా రాయించాలి అన్నీ ఆవిడే నేర్పింది. లక్షకి పైగా ఉత్తరాలు వెళ్లాయి. 1968 మార్చిలో ఛానల్ వాళ్లు తెరమీదే ప్రకటన చేశారు, సీరియల్ కొనసాగుతుందని. ఆ మూడో సీజన్ రాకపోయి ఉంటే పునఃప్రసారాలకి సరిపడా ఎపిసోడ్లు ఉండేవి కావు. పునఃప్రసారాలు లేకపోతే ఇవాళ మనల్ని ప్రశ్నించే ఈ పండితులూ ఉండేవారు కారు.

1967లో వచ్చిన మొట్టమొదటి స్టార్ ట్రెక్ అభిమాన పత్రిక 'స్పాకనేలియా'. సంపాదకులు డెవ్రా లాంగ్‌సమ్, షెర్నా కామర్‌ఫోర్డ్. ఇద్దరూ ఆడవాళ్లే. మిమియోగ్రాఫ్ మీద తీసి, స్టేపుల్ చేసి, పోస్టులో పంపుకున్న ఇలాంటి పత్రికలు ఆ తర్వాత కుప్పలుతెప్పలుగా వచ్చాయి. వాటిని రాసిందీ, టైపు కొట్టిందీ, చందాలు కట్టిందీ ఎక్కువగా స్త్రీలే. 1972 జనవరిలో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో తొలి పెద్ద అభిమానుల సమావేశం జరిగింది. కొన్ని వందలమంది వస్తారనుకుంటే మూడు వేలకి పైగా వచ్చారు. దాన్ని నడిపిన కమిటీలో లాంగ్‌సమ్, జోన్ విన్‌స్టన్, ఎలీజ్ పైన్స్ లాంటి స్త్రీలు ముందున్నారు. ఒకే సీరియల్‌ని ప్రేమించేవాళ్లు ఒకచోట కూడి రాత్రంతా కబుర్లు చెప్పుకోవడం అనే పద్ధతికి పునాది రాళ్లు మోసిన చేతులివి.

మరి ఈ చరిత్ర ఎక్కడికి పోయింది? గీక్ అనగానే కళ్లజోడు పెట్టుకున్న కుర్రాడి బొమ్మే మన కళ్లముందు ఎందుకు కదులుతుంది?

ఒక్క మాట కథ చెబితే చాలు. 1973లో పాలా స్మిత్ అనే ఆవిడ ఒక అభిమాన పత్రికలో చిన్న వ్యంగ్యకథ రాసింది. నౌకలో అందరికన్నా చిన్నదీ, అందరికన్నా తెలివైనదీ, అందరూ మోహించేదీ అయిన 'మేరీ స్యూ' అనే అమ్మాయి కథ. తమలో తాము రాసుకుంటున్న కథల అతిశయం మీద ఒక ఆడమనిషి తోటి ఆడవాళ్లతో ఆడిన పరాచికం అది. ఇవాళ ఆ పేరు మగవాళ్ల చేతిలో రాయి అయింది. తెరమీద ఏ అమ్మాయి విమానం నడిపినా, కత్తి తిప్పినా మేరీ స్యూ అని విసురుతారు. 2015 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో రే పాత్రకి ఎదురైంది అదే. ఎన్ని లోకాల్ని కాపాడినా జేమ్స్ కిర్క్‌ని ఆ మాట అనరు. మన వంటింట్లోంచి కత్తిపీట పట్టుకెళ్లి మన మీదకే ఎత్తడం అంటే ఇదే.

ఆ పరీక్ష వెనక ఉన్నది ఆస్తి భావన. సీరియల్ అంటే వాళ్లకి పేర్లూ, తేదీలూ, నౌకల నంబర్లూ పేర్చుకున్న బీరువా. తాళం తమ మొలలో ఉండాలి. ఆ మొదటి పత్రికల్లో స్త్రీలు చేసిన పని వేరు. కథలో చెప్పకుండా వదిలేసిన చోట్లు పట్టుకున్నారు. స్పాక్ తల్లి అమాండా ఆ పరాయి గ్రహం మీద ఒంటరిగా ఎలా బతికింది? ఉహురా డ్యూటీ దిగాక ఏం చేస్తుంది? ప్రశ్న వేసుకుని, జవాబు కథగా రాసి, ఇంకొకరికి పంపి, ఆ ఇంకొకరు ఒప్పుకోకపోతే మరో కథ రాసేవారు. 1970ల్లో కిర్క్, స్పాక్‌ల మధ్య ప్రేమకథలు రాసిందీ స్త్రీలే. సరిసమానమైన ప్రేమ ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఆ సీరియల్లో ఒక్క స్త్రీ పాత్రకీ ఆ స్థాయి ఇవ్వలేదు మరి. నిజంగానే ఇవ్వలేదు. 1969 జూన్‌లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్ 'టర్నబౌట్ ఇంట్రూడర్' చూడండి. నౌకాధిపతుల లోకంలో ఆడవాళ్లకి చోటు లేదని వాపోయే స్త్రీని పిచ్చిదాన్ని చేసి కథ ముగించారు. అలాంటి సీరియల్‌ని ప్రేమిస్తూనే దానితో పోట్లాడటం నేర్చుకున్నారు వాళ్లు. మనం సాహిత్య విమర్శ అంటున్నది దీన్ని కాదా?

ఇక్కడిదాకా చదివి "బాగా చెప్పావు, మగవాళ్లంతే" అని తలూపే పాఠకులకి ఇంకో సంగతి చెప్పాలి. నా పరీక్ష ఆ గదిలో ముగియలేదు. నేను ఎంతో గౌరవించే ఒక సీనియర్ అధ్యాపకురాలు ఇదంతా విని, "ఏమ్మా, డాక్టరేట్ చేసినదానివి, ఇంకా ఈ చిన్నపిల్లల బొమ్మలాటలేంటి?" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ కుర్రాడి ప్రశ్నలకన్నా నన్నది ఎక్కువ బాధపెట్టింది. అతను నాకు అర్హత లేదన్నాడు. ఈవిడ ఆ ఇష్టానికే అర్హత లేదన్నారు.

ఈ మాట మనకి కొత్త కాదు. మన అమ్మలూ, అమ్మమ్మలూ యద్దనపూడి సులోచనారాణి సీరియళ్ల కోసం వారమంతా ఎదురుచూసినప్పుడు వాళ్లనీ ఇలాగే అన్నారు. పత్రికల్లోంచి పేజీలు కత్తిరించి, కుట్టించి, అట్టవేసి బైండు చేయించి ఇంటింటికీ తిప్పుకున్న ఆ ఆడవాళ్లని "కాలక్షేపం పాఠకులు" అన్నారు. ఆ బైండు పుస్తకం మా ఇంట్లోనూ ఉండేది. దాని అంచుల్లో పెన్సిల్‌తో రాసిన "ఇలా జరగకుండా ఉండాల్సింది" లాంటి మాటలు పక్కింటి పిన్నిగారివి. న్యూయార్క్ స్త్రీలు మిమియోగ్రాఫ్ మీద చేసింది, మా వీధి స్త్రీలు సూదీ దారంతో చేశారు. ఒకదాని మీద 1992లోనే కెమిల్ బేకన్ స్మిత్ 'ఎంటర్‌ప్రైజింగ్ విమెన్' అని పుస్తకం రాసింది. నవలాకారిణి జొయానా రస్ అంతకు ముందే, 1985లో, ఆ కథల మీద వ్యాసం రాసింది. మరి మన పిన్నిగారి పెన్సిల్ రాతల మీద మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని పరిశోధనలు జరిగాయి? అభిమాని అనగానే మనకి కటౌట్లూ, పాలాభిషేకాలే గుర్తొస్తాయి. చిరంజీవి అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన విలువైన పరిశోధన ఉంది, కానీ ఆ సంఘాల లోకం ప్రధానంగా మగవాళ్లది. ఆడమనిషి అభిమానానికి మాత్రం మన భాషలో "పిచ్చి" అనే మాటొక్కటే మిగిలింది.

సైన్స్ ఫిక్షన్ మనది కాదు, పడమటి మగపిల్లల సరుకు అనే వాదం ఒకటి ఉంది. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. మగవాళ్లు లోపల, ఆడవాళ్లు సూర్యరశ్మిని యంత్రాల్లో పట్టుకుంటూ బయట. అది అచ్చయింది మద్రాసులో, కమలా సత్యనాథన్ నడిపిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. ఒక ఆడమనిషి పత్రిక, ఒక ఆడమనిషి కల. ఇంకా ఎవరిదని అడుగుదాం?

బొమ్మలాట అంటారా? ఉహురాగా నటించిన నికెల్ నికల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంటే, ఆ పాత్ర నల్లవాళ్లకి ఎంత అవసరమో చెప్పి ఆపింది మార్టిన్ లూథర్ కింగ్. 1977లో ఆమె నాసా తరఫున తిరిగి స్త్రీలనీ, నల్లజాతి వాళ్లనీ వ్యోమగాముల ఉద్యోగాలకి దరఖాస్తు చేయించింది. చిన్నప్పుడు ఆమెని తెరమీద చూసిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి స్త్రీ అయింది.

అయితే మన స్త్రీల ఇల్లు కూడా పరిశుభ్రంగా ఏమీ లేదు. ఆ తొలి పత్రికల్లో వెల్లువెత్తిన కథలు ఎక్కువగా ఇద్దరు తెల్ల మగవాళ్ల చుట్టూ తిరిగాయి. ఉహురాకి తెరమీద సొంత పేరు పలకడానికి 2009 సినిమా దాకా ఆగాల్సి వచ్చింది. ఇక్కడా అంతే. మా హాస్టల్లో రాత్రిళ్లు ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరి సీరియళ్లు చూసే అమ్మాయిల గుంపు ఒకటి ఉండేది. ఆ గుంపులో ఇంగ్లీష్ మీడియం పిల్లలమే ఎక్కువ. మా కులాలేమిటో ఎవరూ అడగక్కరలేని కులాలు. ఒక రోజు కొత్తగా చేరిన జూనియర్ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. తెలుగు మీడియం, దళిత అమ్మాయి, సింగరేణి ప్రాంతం. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూసేది. ఒకసారి ఏదో గ్రహం పేరు తప్పు పలికిందని మాలో ఒకరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి ప్రశ్నల కన్నా ఏ విధంగానూ మంచిది కాదు.

ఇంకో రోజు 1967 నాటి 'ది డెవిల్ ఇన్ ద డార్క్' చూస్తున్నాం. ఒక గ్రహం మీద గని కార్మికుల్ని ఏదో రాక్షసి చంపుతూ ఉంటుంది. చివరికి తెలుస్తుంది, అది ఒక తల్లి. కార్మికులు తెలియక పగలగొడుతున్నవి దాని గుడ్లు. రాజీ కుదురుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సొరంగాలు తవ్వుతాయి, గనివాళ్లు ఖనిజం తీసుకుంటారు, అందరూ నవ్వుతారు. మేమందరం స్పాక్ ఎంత గొప్పగా చేశాడో మాట్లాడుకుంటున్నాం. ఆ అమ్మాయి మెల్లగా అంది, "అక్కా, మా దగ్గర ఓపెన్ కాస్ట్ కోసం ఊళ్లు లేపేశారు. తర్వాత ఆ ఊరి పిల్లలకే గనిలో కాంట్రాక్టు పని ఇచ్చిన్రు. అప్పుడు కూడా అందరూ నవ్విన్రు."

ఆ ఎపిసోడ్‌ని నేను అప్పటికే ఎన్నోసార్లు చూశాను. రచయిత పేరు, ప్రసారమైన నెల, గ్రహం పేరు అన్నీ నోటికి తెలుసు. ఆ ముగింపులో ఏముందో మాత్రం ఆ రోజే చూశాను.

కాబట్టి గుమ్మంలో నిలబడ్డ కుర్రాళ్లకి చెప్పేదొకటే. వచ్చినవాళ్లని "నీకెంత తెలుసు" అని అడగడం మానండి, "నీకందులో ఏం కనిపించింది" అని అడగండి. మన సీనియర్లకి విన్నపం, నవ్వే ముందు మీ ఇంట్లో పాత బైండు పుస్తకాల అంచులు ఒకసారి తిరగేయండి. ఇక నాలాంటి వాళ్లం, లోపల చోటు సంపాదించుకున్న వాళ్లం, గుమ్మం దగ్గర కూర్చున్న వాళ్ల కోసం కాస్త జరగాలి. ఆ అమ్మాయి చెప్పిన మాటలు పూర్తి వ్యాసంగా రాయమని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఈ పేజీల్లో తనే రాస్తే చదవాలని నా కోరిక.