పీ.డీ.ఎఫ్. పత్రములు - స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు

ప్రభుత్వపు టుత్తరువు మొదలు పెండ్లి శుభలేఖ వఱకు నేడు పీ.డీ.ఎఫ్. రూపమున రాని కాగితము అరుదు. చదువుటకు ఎవ్వరును డబ్బడుగరు. అందొక అక్షరము దిద్దవలెనన్న మాత్రము చందా కట్టుమని కంపెనీలు చేయి చాచుచున్నవి. కట్టలేనివారిలో కొందఱు దొంగప్రతుల నెక్కించుకొనుచున్నారు. మఱికొందఱు ఉచితమని బోర్డు కట్టిన ఏదో వెబ్‌సైటునకు తమ ఆధారు కార్డును, పట్టాదారు పాసుపుస్తకమును, బ్యాంకి లెక్కలను కలుపుటకో కుదించుటకో అప్పగించుచున్నారు. ముక్కు మొగమెఱుగని వాని కొట్టులో దస్తావేజులు వదలివచ్చిన గృహస్థుని బుద్ధిమంతుడందుమా? ఈ రెండు దారులును తగవు. మూడవ దారి కలదు.

ఈ రూపమును 1993లో వెలువరించినది అడోబీ కంపెనీయే. కాని 2008లో అది ఐ.ఎస్.ఓ. 32000 అను పేర అంతర్జాతీయ ప్రమాణమైనది. దానిని దిద్దు విద్య ఇక నొక్కరి పెట్టెలోని సొత్తు కాదు. కనుకనే మూలమును అందఱి యెదుట పెట్టి, వాడుకొనుటకు, మార్చుకొనుటకు, పంచిపెట్టుటకు అనుమతించు సాఫ్ట్‌వేర్లు నేడు పెక్కు కలవు. వెల లేకుండుట వీనిలో చిన్న సంగతి. 1983లో గ్నూ కార్యమును ప్రకటించిన స్టాల్‌మను గారి పక్షము వారు చెప్పుచున్నది స్వేచ్ఛను గుఱించియే గాని ధరను గుఱించి కాదు.

పాఠకులు ఒకటి గమనింపవలెను. పీ.డీ.ఎఫ్. వ్రాతప్రతి కాదు, అచ్చుపడిన కాగితము వంటిది. ఏ అక్షరరూపము పుటపై నెక్కడ నిలువవలెనో అందుండును. పేరా యెక్కడ ముగిసినదో తఱచుగా నుండదు. కావున మూలప్రతి దొరకినచో దానిని దిద్ది మరల పీ.డీ.ఎఫ్. చేసికొనుటయే మేలు. దొరకనిచో, కరపత్రములో తేదీ మార్చుట వంటి చిన్న సవరణలకు లిబ్రేఆఫీసులోని డ్రా చాలును. పుటలు చేర్చుటకు, తీయుటకు పీడీఎఫ్ అరేంజరు, ఫారములు నింపుటకు, అంచున వ్యాఖ్యలు వ్రాయుటకు ఓక్యులరు కలవు. ఇవన్నియు మన కంప్యూటరులోనే పనిచేయును. పత్రము గడప దాటదు. అన్ని పనులును ఒక్కదానిలో లేవని సణుగువారికి మా ప్రశ్న: ఏ వడ్రంగి ఒక్క ఉలితో ఇల్లు కట్టినాడు?

రహస్యము దాచుటకై అక్షరములపై నల్లని పట్టీ వేసి పంపువారు జాగ్రత్తపడవలెను. పట్టీ క్రింది అక్షరములు చెక్కుచెదరక యుండవచ్చును. ఎత్తి వేఱొకచోట అతికించిన బయటపడును. పుటను బొమ్మగా మార్చి నిజముగా తుడిచివేయు ఏర్పాటు లిబ్రేఆఫీసులో 2019 నుండి కలదు.

తెనుగు చిక్కు వేఱు. పాత డీటీపీ అక్షరములతో కూర్చిన పత్రమునుండి ఒక వాక్యము నెత్తినచో వత్తులు, గుణింతములు మాయమై రోమను గుర్తుల గుంపు చేతికి వచ్చును. అట్టి పుటను బొమ్మగా జూచి చదువుటకు టెసరాక్టు అను సాఫ్ట్‌వేరు కలదు. 2005లో దీని మూలము బహిరంగమైనది. అది తెనుగును చదువును, తప్పులును చదువును. ప్రూఫులు దిద్దువాని కన్ను తప్పదు.

ఈ బాధలో సగము కార్యాలయములు తెచ్చిపెట్టినదే. ఉత్తరువులను యూనికోడు తెనుగులో, మూలప్రతితో గూడ ప్రకటింపుడని మేము కోరుచున్నాము. పఠనమందిరముల కార్యదర్శులు ఒక కంప్యూటరున వీని నెక్కించి వారమున కొక సాయంకాలము నేర్పింపవచ్చును. ఇందులకు విద్యుత్తు బిల్లు దప్ప వేఱు వ్యయము మాకు కనబడుట లేదు.