పాత పంతుళ్ళకు ఆసరా ఏదీ?

ఇరవై, ఇరవై అయిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులు మళ్ళీ పరీక్ష హాలులో కూర్చోవలసి వచ్చింది. ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)పై సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పు చెప్పింది. దాని ప్రకారం ఎనిమిదో తరగతి వరకు బోధించేవారిలో, పదవీ విరమణకు అయిదేళ్ళకు మించి వ్యవధి ఉన్నవారు రెండేళ్ళలోగా ఆ పరీక్షలో నెగ్గాలి. లేకుంటే ఉద్యోగం వదులుకోవాలి. అయిదేళ్ళలోపు మిగిలినవారికి కొలువు భద్రమే గాని, టెట్ లేనిదే పదోన్నతి లేదు. మైనారిటీ సంస్థల సంగతిని మాత్రం విస్తృత ధర్మాసనానికి నివేదించారు. టెట్‌ను కనీస అర్హతగా జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ప్రకటించినది 2010 ఆగస్టు 23న. అంతకుముందే, అప్పటి నిబంధనల మేరకు ఎంపికైనవారికి ఈ తీర్పు పిడుగుపాటే.

ఉపాధ్యాయుడికి అర్హత అక్కరలేదని ఎవరూ అనరు. పిల్లల విద్యాహక్కులో మంచి బోధన కూడా భాగమే. చట్టం ఏమంటున్నదో న్యాయస్థానం చెప్పింది. జవాబు చెప్పుకోవలసినవి ప్రభుత్వాలు. ఇన్నేళ్ళలో ఆ పంతులు తన విద్యకు సాన పట్టుకునేందుకు అవి కల్పించిన అవకాశమేమిటి?

కాగితం మీద లోటేమీ లేదు. ఉద్యోగంలో చేరకముందు ఇచ్చే శిక్షణ, చేరిన తర్వాత ఇచ్చే శిక్షణ విడదీయరానివని 1986 జాతీయ విద్యా విధానమే చెప్పింది. జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్లు) దాని ఫలితమే. 2020 విధానం ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలన్నది. ఆచరణలో అనేక రాష్ట్రాల డైట్లు అధ్యాపక ఖాళీలతోనే కాలం నెట్టుకొచ్చాయి.

ఇంతకంటే మెరుగైన ఆలోచన మన దగ్గరే ఒకటి జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సాయంతో 1980, 90 దశకాల్లో నడిచిన ప్రాథమిక విద్యా పథకం టీచర్ల కేంద్రాలను నెలకొల్పింది. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు ఒకచోట కూడి బోధనానుభవాలు పంచుకోవడం వాటి ఉద్దేశం. ఏళ్ళ తరబడి ఒకే పని చేసేవారికి పై అధికారి తనిఖీ కన్న తోటివారి మెచ్చుకోలే ఎక్కువ ఉత్సాహమిస్తుంది. నేటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఆ వరుసలోనివే. అయితే వివరాల పట్టికలు అప్పగించడంతోనే పొద్దు గడిచిపోతున్నదన్నది ఉపాధ్యాయుల చిరకాల ఫిర్యాదు.

ఆ కలయిక కూడా అందరికీ దక్కేది కాదు. 2024-25 యుడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైనే. వాటిలో చదివే పిల్లలు 33 లక్షల పైచిలుకు. ఇటువంటి బడుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఏమంత గర్వించదగ్గ స్థానం కాదది! అక్కడి పంతులుకు సందేహం కలిగితే అడిగేందుకు మరో మనిషి లేడు. సెలవు పెడితే బడికి తాళమే. జనగణన, ఎన్నికల విధులు వీటికి అదనం. చట్టమే వాటికి అనుమతిచ్చింది.

ఇట్టివారు 150 ప్రశ్నల పరీక్షకు ఎప్పుడు చదువుకోవాలి? గడువు విధించిన చోట సాయమూ ఉండాలి. వేసవి సెలవుల్లో డైట్లలో ఉచితంగా తరగతులు నడపడం, ఒంటరి పంతులు చదువుకునే రోజుల్లో బడికి మరొకరిని పంపడం రాష్ట్ర ప్రభుత్వాలకు తలకు మించిన భారమేమీ కాదు. అందుకు ముందుగా డైట్లలోని ఖాళీలు భర్తీ చేయాలి.