మీట ఉందన్న ధీమా

బీమా ఉందంటే మనిషికి జాగ్రత్త కాస్త తగ్గుతుందని కామర్సు పుస్తకాలు చెబుతాయి. కొండల్లో నడిచేవారు వెంట ఉంచుకునే అత్యవసర బీకన్‌కూ ఇది వర్తిస్తుందా? మీట నొక్కితే చాలు, మనమున్న చోటు ఉపగ్రహం ద్వారా రక్షణ సిబ్బందికి తెలుస్తుంది.

2009 సెప్టెంబరులో అమెరికాలోని గ్రాండ్ కేన్యన్‌లో ఇద్దరు తండ్రులు, వారి ఇద్దరు కొడుకులు మూడు రోజుల్లో మూడుసార్లు మీట నొక్కారు. రెండోసారి కారణమేమిటంటే, దొరికిన నీళ్లు ఉప్పగా ఉన్నాయట! ఆ కబురుకూ రాత్రివేళ హెలికాప్టర్ వెళ్లవలసి వచ్చింది.

అలాగని పరికరాన్ని తప్పుపట్టలేం. కాలు విరిగి లోయలో పడినవాడికి ఆ మీటే ప్రాణం. చోటు తెలిస్తే వెతికేవారికీ శ్రమ తగ్గుతుంది. కానీ బీకన్ కబురు పంపుతుందే గాని నీళ్లు మోయదు, దారి చూపదు. సాయం వచ్చేదాకా గడపవలసిన గంటలు మనవే. అనవసరంగా నొక్కితే మన ప్రమాదాన్ని పైలట్ నెత్తిన పెట్టినట్టే.

జామీను సంతకం ఉంది కదా అని బ్యాంకు అప్పివ్వదు, తీర్చే స్తోమత ముందు చూస్తుంది. అమెరికాలో ఉన్న మీ పిల్లలు కొండలెక్కుతామంటే బీకన్ తప్పక పట్టుకెళ్లమనండి. దాంతోపాటు ఒక్క మాట అడగండి: "అది లేకపోయినా ఈ దారినే వెళ్తావా?" వెళ్లనంటే, ఆ దారి మానుకోవడమే మంచిది.