పేషెంట్ తాలూకు ఎవరు?

"పేషెంట్ తాలూకు ఎవరు?"

క్యాన్సర్ ఆస్పత్రి వరండాలో పొద్దున్నుంచి రాత్రి దాకా వినిపించే కేక ఇది. ఆ కేక వినగానే ఒకామె లేస్తుంది. ఒళ్లో ఫైలు, చంకలో సంచి, చేతిలో ఫ్లాస్కు సర్దుకుని పరుగెడుతుంది. రక్తం ల్యాబులో ఇవ్వాలి, కార్డు జెరాక్సు తీయించాలి, కాగితం మీద సంతకం పెట్టాలి, మందులు తేవాలి. 2019లో ఆరు నెలలపాటు నాకోసం అలా లేచి పరుగెత్తిన మనిషి మా అక్క.

నాకప్పుడు రొమ్ము క్యాన్సర్. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయ్యాయి. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. మెడికల్ లీవు ఉంది, జీతం ఉంది, హైదరాబాదులో సొంత ఇల్లుంది. అన్నిటికీ మించి, జరిగింది రాసుకోవడానికి మాటలున్నాయి. రాశాను కూడా. ఒక వ్యాసం, నాలుగు కవితలు. వాటిలో కోసేసిన రొమ్ము ఉంది, రాలిన జుట్టు ఉంది, అద్దం ఉంది, మృత్యువు ఉంది. అక్క లేదు. చదివినవాళ్లు "ఎంత ధైర్యం!" అన్నారు. నేనూ నమ్మాను. ఈమధ్య వాటిని మళ్లీ చదివితే సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

అక్కది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. రెండు గేదెలుండేవి. పాలకేంద్రంలో పాలు పోసి తెచ్చుకునే డబ్బే ఆమె చేతిలో ఆడే సొంత డబ్బు. నాకోసం బయల్దేరేముందు ఆ గేదెల్ని అమ్మేసింది. తను లేకపోతే వాటికి గడ్డి వేసి, కుడితి పెట్టి, పాలు పిండేవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఈ సంగతి నాకు చికిత్స అంతా అయిపోయాక తెలిసింది. "ఎంతకమ్మావక్కా?" అని అడగడానికి ఇంకా రెండేళ్లు పట్టింది నాకు.

ఆ ఆరు నెలలు ఆమె చేసిన పనేమిటో చెప్పాలి. "సేవ" అనే ఒక్క మాటలో ఆ పని మొత్తం మాయమైపోతుంది కాబట్టి, విడివిడిగా చెప్పాలి. ఆపరేషనయ్యాక నా పక్కటెముకల దగ్గర ఒక గొట్టం, దాని చివర సంచి వేలాడేవి. అందులో దిగిన నీరు రోజూ కొలిచి, ఎన్ని మిల్లీలీటర్లో కాగితం మీద రాసేది. ఆ అంకె తగ్గితేగాని గొట్టం తీయరు. చెయ్యి బిగుసుకుపోకుండా గోడమీద వేళ్లతో పాకించేది. 21 రోజులకొకసారి కీమో. ముందురోజు రక్తపరీక్ష. తెల్లకణాలు తక్కువుంటే వెనక్కి పంపేసేవాళ్లు, వారం తర్వాత మళ్లీ అదే ప్రయాణం. నోరంతా పుండ్లు పడితే కారం లేని పప్పన్నం మెత్తగా పిసికి, పూటపూటకీ తాజాగా వండి పెట్టేది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి రమ్మన్నారు. అందుకని రాత్రి రెండింటికి లేచి నా నుదురు పట్టి చూసేది. మూడుసార్లు ఆటో మాట్లాడి అర్ధరాత్రి తీసుకెళ్లింది. డాక్టర్లు నాకు మందిచ్చారు. ఆ మందు నా ఒంట్లో పనిచేసేటట్టు ఇరవైనాలుగు గంటలూ కాచుకున్నది అక్క. చికిత్సలో ఇది సగం. బిల్లులో ఎక్కడా లేని సగం.

2022 అక్టోబరులో మా కాలేజీలో రొమ్ము క్యాన్సర్ అవగాహన సభ జరిగింది. గులాబీ బెలూన్లు, గులాబీ రిబ్బన్లు, గులాబీ చీరలు. "క్యాన్సర్‌ను జయించిన మహిళ" అని నన్ను వేదికెక్కించారు. గడ్డ తగిలితే నిర్లక్ష్యం చేయకండి, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి అని అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఆ నెలలోనే మా అక్క తన రొమ్ములో గడ్డ చూసుకుంది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు.

అక్కకు అవగాహన లేదని ఎవరైనా అంటారా? నా గాయం తుడిచిన చేతులవి. గడ్డంటే ఏమిటో, ఆలస్యమైతే ఏమవుతుందో నా ఉపన్యాసం విన్న లెక్చరర్లందరికన్నా ఆమెకే బాగా తెలుసు. 2023 జూన్‌లో బయటపడ్డాక, "ఎందుకు చెప్పలేదక్కా?" అని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "నీకంటే నేనొచ్చిన. నాకెవరొస్తరే?" అంది.

అప్పట్నుంచీ అవగాహన సభ అంటే నాకు మంట. మన దేశంలో ఆడవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. స్త్రీలకు తెలియక ముదరబెట్టుకుంటున్నారని ప్రతి అక్టోబరులోనూ చెప్తారు. తెలియనివాళ్లు ఉన్నారు, నిజమే. కానీ తెలిసీ లెక్కలు వేసుకుని ఆగిపోయే ఆడవాళ్ల గురించి ఏ వేదిక మీదా వినలేదు. ఎవరు తోడొస్తారు, ముసలత్తకు ఎవరు వండిపెడతారు, ఎన్ని రోజుల కూలి పోతుంది, రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఇవీ ఆ లెక్కలు. వీటికి రిబ్బను దగ్గర జవాబు లేదు. "ధైర్యంగా పోరాడు" అనే మాట దగ్గర అసలే లేదు. ధైర్యం చెప్పడం చాలా చవక. చెప్పేవాళ్లకు బస్సు చార్జీ కూడా కాదు.

అక్కకు అటెండెంటుగా వచ్చింది ఆమె కోడలు. చంకలో రెండేళ్ల పిల్ల. టైలరింగ్ షాపులో చేసే పని మానుకుని వచ్చింది. నేను శని, ఆదివారాలు మాత్రమే వెళ్లగలిగాను. పిల్లల్ని చూసుకోవడానికి సెలవుంది గాని, అక్కను చూసుకోవడానికి నా సర్వీసు రూల్సులో సెలవు లేదు. బావ చెడ్డవాడేం కాదు. వచ్చేవాడు, బెంచీమీద కూర్చునేవాడు, టీ తెచ్చేవాడు. ఆడవాళ్ల వార్డులో రాత్రి మగవాళ్లు ఉండకూడదని పంపేసేవాళ్లు. ఆ రూలు సబబే, కాదనను. కానీ రాత్రికి కావలసిన ఆ ఆడమనిషి ఎక్కణ్నుంచి వస్తుందో రూలు చెప్పదు. ఇంట్లో ఆడదంటూ ఉంటుంది కదా, వస్తుంది అన్న ధీమా. మగవాళ్ల వార్డులో అయితే ప్రతి మంచం పక్కనా నేలమీద భార్యో తల్లో కూర్చుని కనిపించేది.

నాకు అక్క. అక్కకు కోడలు. రేపు కోడలికి ఎవరు?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ లేకపోతే ఆ వరండాలో కూర్చున్నవాళ్లలో సగంమంది ఇంటి దగ్గరే పోయేవారు. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. ప్యాకేజీలో ఆపరేషనుంది, కీమో ఉంది, రేడియేషనుంది. రోగి ఒంటికి జరిగే ప్రతి పనికీ ఒక ధర రాసి ఉంది. ఆ ఒంటిని ఆస్పత్రిదాకా తెచ్చి, కూర్చోబెట్టి, తినిపించి, కడిగి, తిరిగి తీసుకెళ్లే మనిషికి ధర లేదు.

అక్కడక్కడా ఆ మనిషి ప్రభుత్వాల కంటబడిన మాట నిజం. రైల్వేవాళ్ల రూలు చూడండి. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టిక్కెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి నుంచి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ తెచ్చి కౌంటరులో ఇవ్వాలి. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ ఎత్తేసినప్పుడు కూడా దీన్ని ముట్టుకోలేదు. 2022లో హైదరాబాదులోని 18 పెద్ద ప్రభుత్వాస్పత్రుల దగ్గర రోగుల సహాయకులకు 5 రూపాయల భోజనం మొదలైంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఈ బస్సుమీద ఎన్ని జోకులు వేశారో మనకు తెలుసు. 2024 మొదట్లో అక్క, కోడలు రేడియేషనుకు వారానికి ఐదు రోజులు, ఐదు వారాలు మా ఇంటినుంచి ఆస్పత్రికి తిరిగింది ఆ బస్సులోనే. జోకులు వేసినవాళ్లను ఒక్కరోజు ఆ బస్సెక్కించాలి.

ఆంధ్రలో 2019లో ఆరోగ్య ఆసరా అని ఒక పథకం పెట్టారు. ఆపరేషను తర్వాత కోలుకునే రోజులకు రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాకా. మనిషి మంచంమీద ఉంటే ఇల్లు గడవదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. మరి మంచం పక్కన కూర్చున్న మనిషి కూలి? కేరళలో ఆశ్వాసకిరణం కింద, మంచానపడ్డవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు నిర్ణయించారు. 600 ఏ మూలకు? అయినా ఆ పని చేసేవాళ్లు ఒకరున్నారని కాగితం మీద ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. మన దగ్గర అదీ లేదు.

వసతి మాటకొస్తే, సెయింట్ జూడ్స్ అనే సంస్థ 2006లో ముంబైలో మొదలై, హైదరాబాదులో కూడా క్యాన్సర్ పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఉచితంగా ఇల్లు, వంటగది ఇస్తోంది. చాలా మంచి పని. పిల్లలంటే అందరి గుండే కరుగుతుంది. నలభై ఐదేళ్ల కూలిమనిషికి క్యాన్సరొస్తే? ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒకామె, ఆమె చెల్లెలు ఐదు వారాలూ మెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకోవడం చూశాను. రేడియేషన్ పడ్డ చర్మం కమిలి ఉంటుంది. దానికి గాలి తగలాలి, మెత్తటి నూలు బట్ట ఉండాలి, చాటు కావాలి. మెట్ల కింద చాటెక్కడిది?

ఇక మన సంగతి. మనం చదువుకున్నవాళ్లం. ఆడ్రీ లార్డ్ 1980లో 'ద క్యాన్సర్ జర్నల్స్' ప్రచురించింది. రొమ్ము తీసేశాక కృత్రిమ రొమ్ము పెట్టుకోనని ఆమె నిరాకరించిన తీరుమీద నేనే రెండు సెమినార్లలో పేపర్లు చదివాను. కానీ తనను నిలబెట్టిన స్త్రీల సమూహం గురించి కూడా ఆమె ఆ పుస్తకంలోనే రాసింది. నేను మొదటిది పట్టుకుని రెండోది వదిలేశాను. దేహం గురించి మాట్లాడితే వ్యాసమవుతుంది. ఫ్లాస్కు గురించి మాట్లాడితే ఏమవుతుంది? అక్క తన జాకెట్టులో పాత చీరముక్కలు కుట్టి పెట్టుకుంటుంది, నలుగురిలోకి వెళ్లేటప్పుడు ఎవరూ తేరిపార చూడకుండా. నిరాకరించడానికైనా ముందు ఒకటి చేతిలో ఉండాలి కదా!

ఈ మాటలే ఒక సమావేశంలో అంటే, నేను గౌరవించే మిత్రురాలొకామె అభ్యంతరం చెప్పింది. "సేవ ఆడవాళ్ల పనేనని ఇన్నేళ్లూ అంటగట్టారు. మళ్లీ మనమే ఆస్పత్రులకు వెళ్లి సేవ చేయాలా? అది ప్రభుత్వం చేయాల్సిన పని. మనం చేస్తే వాళ్లకు తప్పించుకునే దారి ఇచ్చినట్టే" అంది. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచిందిది: ఆ పని ఇప్పుడు కూడా ఆడవాళ్లే చేస్తున్నారు. ఒక్కొక్కరే, ఎవరింట్లో వాళ్లు, గేదెలమ్ముకుని. మనం చేయనంత మాత్రాన అది ప్రభుత్వం మీదికి పోదు, ఇంకో కోడలి మీద పడుతుంది. దాన్ని ఇంట్లోంచి నలుగురి మధ్యకు తీసుకొచ్చి, పంచుకుని, గంటల్లో కొలిచి, ఆ లెక్క ప్రభుత్వం ముందు పెట్టడం సేవ కాదు. ఇంటి చాకిరీ కూడా శ్రమే అని మనం పాఠాల్లో చెప్పేది ఇదే కదా.

అందుకని అడగాల్సినవి అడుగుదాం. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో అటెండెంటుకు రోజు కూలి. ప్రతి క్యాన్సర్ ఆస్పత్రి దగ్గరా పెద్దవాళ్లకు కూడా వంటగది, స్నానాల గది ఉన్న వసతి. భార్యకో, తల్లికో, తోబుట్టువుకో చికిత్స జరుగుతుంటే ఉద్యోగికి సెలవు, ముఖ్యంగా మగ ఉద్యోగికి. రొమ్ము తీసినవాళ్లకు ఉచితంగా కృత్రిమ రొమ్ము, చెయ్యి వాచినవాళ్లకు ఫిజియోథెరపీ. పైన నేను రాసిన రాయితీలన్నీ తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి, జబ్బు నిర్ధారణ అయిన రోజునే రోగి చేతిలో పెట్టే ఒక మనిషి. రైలు రాయితీ సంగతి నాకు మూడో కీమో దాకా తెలియదు. అప్పటికి అక్క ఖమ్మానికి నాలుగుసార్లు పోయి వచ్చింది.

ఇవి వచ్చేదాకా మేం ఎనిమిదిమందిమి ఒక నోటుబుక్కు పెట్టాం. ఒక్కొక్కరికి వారంలో ఒక పూట. ఒకరు వరండాలో కూర్చుంటారు, ఒకరు ఫారాలు నింపుతారు, ఒకరు రోగి ఇంట్లో వండి వస్తారు. ఇద్దరు మగవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. వాళ్లకు వంట పనే వేశాం. ఎవరు ఎన్ని గంటలు, ఏ పని అని రాస్తున్నాం.

అక్క బతికే ఉంది. ఆలస్యమవడంతో చంకలో గడ్డలన్నీ తీయాల్సొచ్చింది. ఎడమచెయ్యి వాచే ఉంటుంది, పిడికిలి బిగుసుకోదు. గేదెల్ని మళ్లీ కొనిస్తానన్నాను. "కొంటే పిండేదెవరు?" అంది.

నోటుబుక్కులో మంగళవారం సాయంత్రం, గురువారం పొద్దున ఇంకా ఖాళీగా ఉన్నాయి. మీ పేరు ఎక్కడ రాయమంటారు?