పడని గోలుకు పద్దు

గండికోటను చూడవచ్చినవారు సాధారణముగా రెండు విషయములు తెలుసుకొని వెళ్తారు. మొదటిది, పెన్నానది ఎర్రమల కొండలను కోసి లోతైన గండిగా ప్రవహించిన తీరు. రెండవది, పదిహేడవ శతాబ్ది మధ్యకాలమున గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకొన్న వృత్తాంతము. పట్టినవాని పేరు పుస్తకములలో ఉన్నది. అంతకుముందు కోటను ఏలిన పెమ్మసాని నాయకుల పేర్లును ఉన్నవి. ఏ దాడియు జరుగని వేలాది రాత్రులు బురుజులపై మేలుకొని యుండిన కావలివారి పేర్లు మాత్రము మనకు తెలియవు. జరిగినదానికి చరిత్ర ఉన్నది. జరుగకుండ ఆపినదానికి లేదు.

ఫుట్‌బాల్ ఆటలో రక్షణశ్రేణి ఆటగాని స్థితియు ఇటువంటిదే. గోలు వేసినవాని పేరు మరునాడు పత్రికలో వస్తుంది. గోలు పడకుండ అడ్డుకొన్న బ్యాక్ పేరు, అతడు పొరపాటు చేసిననాడు మాత్రమే వస్తుంది. ఈ వ్యాసములో మేము ఇద్దరు రక్షకుల క్రీడాజీవితములను ప్రక్కప్రక్కన నిలిపి చూడదలచినాము. ఒకరు హైదరాబాదువారు, మరొకరు ఆస్ట్రేలియా దేశమువాడు. ఇద్దరి పేరులోను అజీజ్ అను పదమున్నది. ఇద్దరికిని మెల్బోర్న్ నగరముతో సంబంధమున్నది. అయినను వారి బ్రతుకుదారులు ఎంత వేరుగా నడిచినవో గ్రహించినచో, మన మైదానములలో లోపించినది ఏమిటో తెలియగలదు.

మొదట మనవాని సంగతి. సయ్యద్ ఖాజా అజీజుద్దీన్ గారు హైదరాబాదు ఫుట్‌బాల్ తీర్చిదిద్దిన ఫుల్‌బ్యాక్. 1952లో హెల్సింకి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్లు రెండింటిలోను ఆయన ఉన్నారు. ఆ కాలమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దేశమంతట పేరెన్నికగన్నది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. హైదరాబాదువారు ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు. వృత్తిచేత ఆయన పాఠశాల ఉపాధ్యాయులు. 1950 నుండి 1963లో కన్నుమూయు వరకు భారత జట్టుకు శిక్షకులుగా ఉండి, 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియా క్రీడల స్వర్ణపతకములను మన దేశమునకు తెచ్చిపెట్టినారు. నల్లబల్ల ముందు నిలిచిన చేతులే ఆటస్థలమున జట్టును నిలిపినవని మనము గర్వముగా చెప్పుకొనవచ్చును.

1952లో హెల్సింకిలో భారత జట్టు యుగోస్లావియాతో ఆడినది. మన ఆటగాళ్లలో పలువురు ఆనాడు బూట్లు లేకుండ, వట్టి కాళ్లతో ఆడినారు. పది గోలులు పడినవి. మనకు దక్కినది ఒకటే. నాలుగు సంవత్సరముల తరువాత మెల్బోర్న్ సెమీఫైనలులో అదే యుగోస్లావియా ఎదురైనది. ఈసారి మొదటి గోలు మనదే. చివరకు 4-1 తేడాతో ఓడినాము. ఈ రెండు ఓటములను చూచినవారు ఓటమి ఓటమియే అనవచ్చును. మేము అట్లు అనము. పది నాలుగైన ఆ ఆరు గోలుల తేడాలో నాలుగేండ్ల సాధన ఉన్నది. రహీం సాబు శిక్షణ ఉన్నది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటి రక్షణశ్రేణివారి చెమట ఉన్నది. ఒలింపిక్ పట్టికలో నాలుగవ స్థానమని మాత్రమే వ్రాసియున్నది. పడని ఆ ఆరు గోలులకు ఏ పట్టికలోను గడి లేదు.

సెమీఫైనలుకు ముందు 1956 డిసెంబరు 1వ తేదీన క్వార్టర్ ఫైనలు జరిగినది. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను వారి సొంతగడ్డపై 4-2 తేడాతో మనవారు ఓడించినారు. నెవిల్ డిసౌజా మూడు గోలులు వేసి, ఒలింపిక్ క్రీడలలో హ్యాట్రిక్ సాధించిన తొలి ఏషియా ఆటగాడైనాడు. ఆ ఆటకు సరిగా నెలరోజుల ముందు, నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశ్ అవతరించినది. రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు తరలినది. కర్నూలు, కడప జిల్లాలవారు రాజధానిని కోల్పోయిన ఆ నెలలోనే హైదరాబాదు ఆటగాళ్లు మన రాష్ట్రపు ఆటగాళ్లయినారు. పోయినదాని జ్ఞాపకము మనకు గట్టిగా మిగిలినది. వచ్చినదానిని ఎంతమంది తలచుకొన్నారో తెలియదు. ఆ డిసెంబరులోనే సిడ్నీలో జరిగిన స్నేహపూర్వకమైన ఆటలో భారత జట్టు ఆస్ట్రేలియాను 7-1 తేడాతో గెలిచినది.

ఆనాడు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆడినవారు ఔత్సాహికులు, అనగా నియమము ప్రకారము ఆటకు జీతము తీసుకొననివారు. ఈ విషయములో భారతీయులును, ఆస్ట్రేలియనులును ఒకే మెట్టుపై నిలిచినారు. ఇంకను చెప్పవలెనన్నచో ఆటలో మనము ఒక మెట్టు పైననే ఉన్నాము.

ఇప్పుడు రెండవ అజీజ్ సంగతి. అజీజ్ బెహిచ్ 1990 డిసెంబరులో మెల్బోర్న్‌లో జన్మించినాడు. సైప్రస్ ద్వీపము నుండి వలసవెళ్లిన టర్కీ కుటుంబముల సంతతివాడు. ఆడు స్థానము ఎడమ బ్యాక్. ఆ నగరపు శివారులో టర్కీ వలసదారులు తమ బిడ్డల కొరకు స్థాపించుకొన్న హ్యూమ్ సిటీ అను చిన్న క్లబ్బు ఉన్నది. బెహిచ్ దానికి ఆడినాడు. 2010 నుండి 2013 వరకు మెల్బోర్న్ హార్ట్ జట్టులో ఉండి, అక్కడినుండి టర్కీదేశపు బుర్సాస్పోర్‌కు వెళ్లినాడు. తరువాత హాలండులో పి.ఎస్.వి. ఐండ్‌హోవెన్‌కు, ఇస్తాంబుల్‌లో బషాక్‌షెహిర్‌కు, స్కాట్లండులో డండీ యునైటెడ్‌కు ఆడి, 2023లో మరల మెల్బోర్న్ చేరినాడు. 2018, 2022 ప్రపంచకప్పు పోటీలలో ఆస్ట్రేలియా రక్షణశ్రేణిలో నిలిచినాడు.

లోకము బెహిచ్‌ను దేనివలన గుర్తుపెట్టుకొన్నది? 2022 డిసెంబరు 3వ తేదీన కతార్‌లో అర్జెంటీనాతో జరిగిన ఆటలో, ఎడమవైపు నుండి బంతిని తీసుకొని ప్రత్యర్థులను ఒకరి తరువాత ఒకరిని దాటుకొనుచు గోలు ముంగిటి వరకు పరుగెత్తిన దృశ్యము వలన. చివరిక్షణమున అర్జెంటీనా రక్షకుడు లిసాంద్రో మార్టినెస్ అడ్డముగా జారి ఆ బంతిని నిలిపినాడు. ఆట 2-1 తేడాతో అర్జెంటీనాదైనది. ఆ కప్పును వారే గెలిచినారు. అనేక సంవత్సరములు గోలులు ఆపినవానికి కీర్తి తెచ్చినది ఒక్క పరుగు. ఆ పరుగును ఆపినవాడు మరియొక రక్షకుడు. మన జర్నైల్ సింగ్ గారి విషయమును ఇటువంటిదే. ఆయన దేశమునకు పెట్టనికోట వంటి సెంటర్ బ్యాక్. అయితే 1962లో తలకు దెబ్బతగిలి కుట్లు పడినందున ముందువరుసలో ఆడవలసివచ్చి, జకార్తా ఫైనలులో దక్షిణ కొరియాపై వేసిన గోలునే జనులు నేటికిని చెప్పుకొంటారు.

కనుక రక్షకుని మరచుట లోకస్వభావము. అది ఆస్ట్రేలియాలోను ఉన్నది. తేడా ఎక్కడ ఉన్నదనగా, ఆ దేశము రక్షకుని కీర్తిని జనుల జ్ఞాపకమునకు విడిచినను, అతని భోజనమును విడువలేదు. 1977లో వారు జాతీయ లీగును ప్రారంభించినారు. 1993లో వృత్తి ఆటగాళ్లు తమ సంఘమును ఏర్పరచుకొన్నారు. 2005లో నూతన వృత్తి లీగు వచ్చినది. పేటలోని చిన్న క్లబ్బు నుండి జాతీయ లీగుకు, అక్కడినుండి పరదేశమునకు మెట్లు కట్టబడినవి. వలస కుటుంబపు కుర్రవాడు ఆ మెట్లెక్కి ప్రపంచకప్పు చేరినాడు. అతడు ప్రతిభావంతుడే. అయితే మెట్లు లేనిచోట ప్రతిభ ఎంతటిదైనను నేలమీదనే నిలుచును.

మనకు జాతీయ లీగు 1996లో గాని రాలేదు. అంతకుముందు హైదరాబాదు ఆటగానికి పోలీసు కొలువే ఆధారము. అది అన్నము పెట్టిన ఏర్పాటే. దానిని చులకన చేయుట మా అభిమతము కాదు. ఐతే ఆ కొలువు ఉన్నంతవరకే ఆట. అంతకు మించిన దారి వెదుకవలసినవారు కలకత్తా క్లబ్బులకు తరలిపోయినారు. తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన దారి అదే. తరువాతి తరమునకు చూచి నేర్చుకొనుటకు ఇంటివద్ద పెద్దలు మిగులలేదు. 2019లో స్థాపితమైన హైదరాబాదు ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగును గెలిచి ఆశలు రేపినది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయినది. యజమాని మారగానే ఊరు మారు క్లబ్బు గుడారమువంటిది. దానికి పునాది ఉండదు.

ఇక ఫలితము చూడుడు. 1956లో ఏడు గోలులతో ఓడిన ఆస్ట్రేలియా, 2011లో ఏషియా కప్పునందు మనలను 4-0తో, 2024లో 2-0తో ఓడించినది. 2024 నాటి ఆటలో మొదటి సగము ముగియు వరకు మన రక్షణశ్రేణి ఒక్క గోలును పడనీయలేదు. ఆ నలుబదియైదు నిమిషములను గూర్చి మాటలాడినవారు అరుదు.

దీనికంతటికి క్రికెట్టే కారణమని కొందరంటారు. మేము అంగీకరింపము. క్రికెట్టునుండి మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. ఆ ఆట స్కోరు పుస్తకములో మెయిడెన్ ఓవరుకు గడి ఉన్నది. అనగా ఒక్క పరుగును ఇవ్వకుండ బంతి వేసినవాని కష్టమును ఆ ఆట లెక్కించును. జరుగనిదానిని లెక్కించు అలవాటు ఉన్నచోట దానిని సాధించువాడు నిలుచును. లెక్క లేనిచోట వాడు ఆట మానును.

మన కళాశాలలో ఆట మానినవారు ఎందరో ఉన్నారు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల ప్రాంతములలో నాపరాళ్లు కోయు తండ్రుల బిడ్డలు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పేటలనుండి వచ్చు చిరువ్యాపారుల బిడ్డలు మొదటి సంవత్సరమున మైదానమునకు వస్తారు. మూడవ సంవత్సరమునకు కనబడరు. చదివితే నవాబు, ఆడితే ఖరాబు అను ఉర్దూ సామెత ఇంటింట వినబడును. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేము. ఆటనుండి అన్నమునకు దారి ఉన్నదని వారికి చూపినవారెవరు? అందరికంటె ముందు ఆట మానువాడు బ్యాక్ స్థానమువాడే. ఫార్వర్డుకు కనీసము చప్పట్లయినను దక్కును.

దారి వేయుట అసాధ్యమని మేము నమ్మము. పొరుగు జిల్లాయైన అనంతపురములో గ్రామీణాభివృద్ధి సంస్థ క్రీడాగ్రామము నిర్మించి, పల్లెల బాలురకు, బాలికలకు వసతితో కూడిన ఫుట్‌బాల్ శిక్షణ ఇచ్చినది. వానలు చాలని ఈ సీమలో పచ్చిక పెంచిన అనుభవము మన ప్రక్కనే ఉన్నది. మనము చేయదగినవి మూడు. మొదటిది, కర్నూలు, కడప ప్రాంతపు కళాశాలలు కలసి ఏటేట జమ్మలమడుగులో అంతర్ కళాశాల పోటీని నడుపవలెను. గండికోట ఉత్సవములు జరిపిన సంవత్సరములలో దానిని ఉత్సవములలో చేర్చవలెను. రెండవది, కళాశాలల యాజమాన్యములు ఏటా కొందరు ఆటగాళ్లకైనను రుసుము మినహాయించి, భోజనవసతి కల్పించవలెను. అందులో సగము రక్షణశ్రేణివారికి కేటాయించవలెను. మూడవది ఖర్చులేనిది. క్రీడావిభాగపు దస్తరములో ప్రతి ఆటకును గోలు వేసినవారి పేర్లతోపాటు, గోలుకీపరు పేరు, బ్యాకుల పేర్లు, గోలు పడని ఆటల సంఖ్య వ్రాయవలెను.

రహీం సాబు పాఠశాల జీతముతో బ్రతుకుచు దేశపు జట్టును తయారుచేసినారు. మనవద్ద ఆయనంతటివారు లేకపోవచ్చును. దస్తరములో మరి నాలుగు పేర్లు వ్రాయుటకు అంతటివారు అవసరము లేదు. వచ్చే సంవత్సరపు సంచికలో క్రీడావిభాగ నివేదిక అచ్చగునప్పుడు, గోలు వేసినవారి పేర్ల క్రింద ఆ నలుగురు బ్యాకుల పేర్లు ఉర్దూ పుటలలోను, తెలుగు పుటలలోను ఉండవలెనని సంపాదకవర్గమును కోరుచున్నాము. తన పేరు అచ్చులో చూచుకొన్న కుర్రవాడు మూడవ సంవత్సరమునను మైదానమునకు వస్తాడు.