నవ్వే అక్షరానికీ ఒక చోటుంది

2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. అప్పుడు నేను బోర్డులు రాసేవాణ్ణి. దారానికి సుద్ద పట్టించి, లాగి గోడకు కొట్టి గీత వేయడం, ఎనామిల్ రంగులో బ్రష్షు ముంచడం. ఆ మూడు పేర్లూ రాసీ రాసీ ఒక్కోదాని స్వభావం నా మణికట్టుకు తెలిసిపోయింది.

జనగామకు పైన గుడి లేదు, కింద ఒత్తు లేదు. ఎంత చిన్న రేకులోనైనా ఒదిగిపోతుంది. మహబూబాబాద్‌లో మూడు ‘బ’లు. మూడింటికీ ఒకే కడుపు రాకపోతే వరస చెడుతుంది. కష్టమంతా భూపాలపల్లిది. ‘భ’ కింద చిన్న గీత, ‘ల్లి’కి పైన గుడి, కింద లావత్తు. జాగా వదలకపోతే ఆ ఒత్తు కింది వరస నెత్తిన కూర్చుంటుంది.

ఇప్పుడు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. “కాకా, జర స్టైల్ అక్షరాలు పెట్టు” అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ళకు కావలసింది లక్కిరెడ్డి లాంటి ఫాంటు. దాన్ని అప్పాజీ అంబరీష దర్భా రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించింది. గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. చేత్తో రాసినట్టు, ఆడుతూ పాడుతూ నడిచే అక్షరాలవి. నాకు చాలా ఇష్టం. బాపు చేతిరాత ఫాంటుగా వచ్చాక శుభలేఖలకు ఎంత కళ వచ్చిందో అందరికీ తెలుసు. అంగన్‌వాడీ గోడకు, బతుకమ్మ ఫ్లెక్సీకి, మిర్చి బజ్జీల బండికి ఇలాంటి అక్షరమే అందం. చేతి వాటం కంప్యూటర్‌లో కూడా బతికిందని నా సంతోషం.

కానీ ప్రతి మాటా నవ్వుతూ చెప్పేది కాదు. ఒకసారి మహబూబాబాద్ వైపు ఒక ఆరోగ్య శిబిరం వాళ్ళు రోజు, టైము, చోటు కూడా ఆటల అక్షరాల్లోనే కావాలని పట్టుబట్టారు. వద్దన్నా వినలేదు. బ్యానర్ కట్టే రోజు చదువొచ్చిన ఒక అవ్వ దాని కింద చాలాసేపు నిలబడి, “ఏం రాసిండ్రు బిడ్డా?” అని నన్నే అడిగింది. వైద్యం అవసరమైన మనిషికే అందని ఆ అక్షరం ఎందుకు?

తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు. గీత లావెక్కేకొద్దీ లోపలి ఖాళీ పూడుకుపోతుంది. దూరం నుంచి ‘మ’కూ ‘య’కూ, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా దొరకదు. ‘భ’ కింది గీత కలిసిపోతే భూపాలపల్లి పేరే చెడుతుంది. చోటు చాలడం లేదని అక్షరాన్ని అడ్డంగా నొక్కితే ఇంకా ఘోరం.

అందుకే ఫ్లెక్సీ వేయించుకునేవాళ్ళకూ, బోర్డులు పెట్టించే అధికారులకూ ఒక్కటే మనవి. పండగ పేరు, పాప పేరు, కొట్టు పేరు నవ్వే అక్షరాల్లో పెట్టించండి. రోజు, చోటు, ఫోన్ నంబరు, ప్రమాద హెచ్చరిక మాత్రం మండలి లాంటి సాదా ఫాంటులో ఉంచండి. అచ్చుకు ముందు ఒక కాగితం మీద తీసి గోడకు అంటించి, పది అడుగుల దూరం నుంచి మీ ఇంట్లో పెద్దవాళ్ళతో చదివించండి. వాళ్ళు తడుముకోకుండా చదివితేనే అచ్చుకు పంపండి.